తొలి సెమిస్టర్ తడబాటు: నాంపల్లి, ఆబిడ్స్ కాలేజీల నేపథ్యంలో ఒక సమీక్ష

ఇంటర్ పూర్తిచేసి డిగ్రీలోనో ఇంజనీరింగ్‌లోనో చేరిన విద్యార్థికి మొదటి సెమిస్టర్ అంటే కాగితం మీద దాదాపు 90 పనిదినాలు. కౌన్సెలింగ్ చివరి విడతలో సీటొచ్చినవాళ్లు చేరేసరికే అందులో రెండు మూడు వారాలు గడిచిపోయి ఉంటాయి. మధ్యలో వినాయక చవితి, బతుకమ్మ, దసరా సెలవులు వస్తాయి. మిగిలిన కొద్ది రోజుల్లోనే కొత్త సిలబస్, కొత్త మాధ్యమం, కొత్త ఊరు, కొత్త మనుషులు అన్నీ కలిసి మీద పడతాయి. చదువు మధ్యలో వదిలేసేవాళ్లలో ఎక్కువమంది మొదటి ఏడాదిలోనే వదిలేస్తారన్నది చాలా దేశాల పరిశోధకులు గమనించిన సంగతి. అందుకే ఈ కొన్ని నెలల మీద విద్యాశాస్త్రంలో ప్రత్యేకంగా ఒక శాఖే పెరిగింది.

ఈ సమస్యను దగ్గరగా చూడాలంటే హైదరాబాద్‌లో లక్డీకాపూల్ చుట్టుపక్కల ప్రాంతం బాగా పనికొస్తుంది. మాసబ్‌ట్యాంక్ వైపు వెళ్తే జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉన్నాయి. నాంపల్లిలో ఇందిరా ప్రియదర్శిని ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీ, ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్, మల్లేపల్లిలో అన్వరుల్ ఉలూం ఉన్నాయి. ఆబిడ్స్‌లో స్టాన్లీ, మెథడిస్ట్ ఇంజనీరింగ్ కాలేజీలు, బషీర్‌బాగ్‌లో నిజాం కాలేజీ, ఇంకాస్త ముందుకెళ్తే ఇప్పుడు విశ్వవిద్యాలయంగా మారిన కోఠీ మహిళా కళాశాల. ఆడపిల్లల కాలేజీలు, ఉర్దూ ఇళ్ల పిల్లలు ఎక్కువగా చేరే కాలేజీలు, జిల్లాల నుంచి వచ్చినవాళ్లతో నిండే కాలేజీలు నాలుగైదు కిలోమీటర్ల లోపే దొరుకుతాయి.

తొలి సెమిస్టర్‌లో తడబడిన విద్యార్థి గురించి ఇంట్లోనూ స్టాఫ్‌రూమ్‌లోనూ వినిపించే మాట ఒకటే: సరిగ్గా చదవట్లేదు, ఫోను పట్టుకుని కూర్చుంటున్నాడు. అందులో కొంత నిజం ఉంది. అయితే అదే విద్యార్థి ఆరు నెలల ముందు రోజుకు పన్నెండు గంటలు చదివి ఇంటర్ గట్టెక్కాడు. మారింది అతను కాదు, అతని చుట్టూ ఉన్న ఏర్పాటు. ఇంటర్ కాలేజీ ప్రతి గంటకూ లెక్క అడుగుతుంది. డిగ్రీ కాలేజీ మూడు నెలల పాటు ఏమీ అడగదు, తర్వాత ఒక్కసారిగా హాల్ టికెట్ చేతిలో పెడుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న ఎడాన్ని దాటడమే తొలి సెమిస్టర్ సమస్యలో అసలు భాగం.

మాధ్యమం అనే పాత చిక్కు

ఈ పరిసరాల్లో కాలేజీ చదువు మొదలైన నాటి నుంచే భాష కొరుకుడుపడని విషయంగా ఉంది. 1887లో ఏర్పడిన నిజాం కాలేజీ 1947 దాకా మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచింది. పాఠం ఇంగ్లీషులో, పరీక్ష మద్రాసు విశ్వవిద్యాలయానిది, ఇంట్లో మాట మరొకటి. పరాయి భాషలో చదవాల్సి రావడం వల్ల విద్యార్థి శక్తి విషయం మీద కాక భాష మీదే ఖర్చైపోతోందన్న వాదన బలపడింది. 1917లో నిజాం ప్రభుత్వ అధికారి అక్బర్ హైదరీ నిజాంకు సమర్పించిన విజ్ఞాపన పత్రం ఆ వాదన ఆధారంగానే కొత్త విశ్వవిద్యాలయాన్ని కోరింది. అదే ఏడాది అనువాద సంస్థ, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చాయి. 1919లో మొదటి తరగతులు ఇప్పటి తార్నాక ప్రాంగణంలో జరగలేదు. నిజాం కాలేజీ పక్కనే, బషీర్‌బాగ్‌లోని భవనంలో 225 మంది విద్యార్థులు, 25 మంది అధ్యాపకులతో మొదలయ్యాయి. బోధన ఉర్దూలో, ఇంగ్లీషు తప్పనిసరి భాషగా.

ఉర్దూ ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకు అది పెద్ద ఊరట. నల్లగొండ, పాలమూరు, కరీంనగర్ నుంచి వచ్చిన తెలుగు పిల్లవాడికి మాత్రం ఒక పరాయి మాధ్యమం పోయి మరొకటి వచ్చింది. ఆ లోటును కాలేజీ తీర్చలేదు, హాస్టళ్లు కొంత తీర్చాయి. కొత్వాల్‌గా, అంటే నగర పోలీసు అధిపతిగా, పేరుపొందిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి చొరవతో 1918లో ఆబిడ్స్‌లో మొదలైన రెడ్డి హాస్టల్ అలాంటిదే. 1920ల్లో దాని నిర్వహణ బాధ్యత చూసినవారిలో సురవరం ప్రతాపరెడ్డి ఒకరు. అక్కడ భోజనంతో పాటు తెలుగు పుస్తకాలు, తెలుగు మాట, తమకంటే ఏడాది ముందొచ్చిన తమ ప్రాంతం కుర్రాళ్లు దొరికేవారు. ఆ తర్వాత మరికొన్ని కులాల వాళ్లూ నారాయణగూడ, కాచిగూడ వైపు సొంత హాస్టళ్లు కట్టుకున్నారు. కులం పేరుతో ఏర్పడ్డాయి కాబట్టి వాటి మేలు అందరికీ అందలేదన్నది కూడా చెప్పుకోవలసిందే. అసలు హాస్టలే లేని కులాల పిల్లలకు నగరంలో తలదాచుకునే చోటు దొరకడమే మొదటి పరీక్ష అయ్యేది.

1948 తర్వాత ఉస్మానియాలో ఉర్దూ స్థానంలో ఇంగ్లీషు వచ్చింది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి ఇంటర్, డిగ్రీ పాఠ్యపుస్తకాలను తెలుగులో తెచ్చింది. పి.వి. నరసింహారావు దాని వ్యవస్థాపక అధ్యక్షుడు. ఒక తరం బీఏ, బీకాం, బీఎస్సీ విద్యార్థులు ఆ పుస్తకాలతోనే గట్టెక్కారు. ఇప్పుడు డిగ్రీలో చేరేవాళ్లలో అత్యధికులు ఇంగ్లీషు మాధ్యమాన్నే ఎంచుకుంటున్నారు. పేరుకు ఇంగ్లీషు మీడియం స్కూల్లో చదివినా సొంతంగా ఒక పేరా రాసిన అనుభవం లేనివాళ్లు వాళ్లలో చాలామంది ఉన్నారు.

బీకాం మొదటి సెమిస్టర్ అకౌంటింగ్ క్లాసు ఎలా నడుస్తుందో చూస్తే విషయం తేలిపోతుంది. అధ్యాపకుడు తరుగుదలను తెలుగులోనే చెప్తాడు: యంత్రం పాతబడుతుంది, విలువ తగ్గుతుంది, ఆ తగ్గిన మేరకు ఏటా ఖర్చుగా రాసుకోవాలి. బోర్డు మీద మాత్రం ఇంగ్లీషులో రాస్తాడు. క్లాసులో తలలు ఊగుతాయి, అందరికీ అర్థమైంది కూడా. ఇంటర్నల్ పరీక్షలో డిప్రిసియేషన్ అంటే ఏమిటో నాలుగు వాక్యాల్లో రాయమంటే కలం ముందుకు కదలదు. అప్పుడు పిల్లవాడు గైడు తీసి, అందులోని నాలుగు వాక్యాలను ఉన్నవున్నట్టు బట్టీ పడతాడు. పరీక్షలో ఒక పదం మర్చిపోతే మిగతా మూడు వాక్యాలూ పోతాయి. అతనికి తెలియనిది అకౌంటింగ్ కాదు.

ఇక్కడ పనికొచ్చే ఉపాయాలు ఖరీదైనవేమీ కావు. ప్రతి సబ్జెక్టుకూ చివరి పేజీల్లో ఒక పదాల పట్టిక పెట్టుకుని, ఇంగ్లీషు మాటకు ఎదురుగా తెలుగులోనో ఉర్దూలోనో తన సొంత మాటల్లో అర్థం రాసుకోవాలి. రోజుకు ఒక నిర్వచనం పుస్తకం మూసి చేత్తో రాసి, తర్వాత సరిచూసుకోవాలి. పాత తెలుగు అకాడమీ పుస్తకం ఒకటి దగ్గరుంటే ఇంగ్లీషు పుస్తకం సగం సులువవుతుంది. అవి కోఠీ పాత పుస్తకాల దుకాణాల్లోనూ, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పుస్తకాల్లోనూ ఇప్పటికీ దొరుకుతుంటాయి. స్పోకెన్ ఇంగ్లీష్ కోచింగ్ ఉద్యోగ ఇంటర్వ్యూకు ఉపయోగపడవచ్చు గానీ, సెమిస్టర్ పరీక్షకు దానివల్ల ఒరిగేది తక్కువ. అక్కడ కావలసింది రాత. ఇంగ్లీషు మాధ్యమంలో చేరినా పరీక్ష స్థానిక భాషలో రాసే అవకాశం ఇవ్వాలని 2023 ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) విశ్వవిద్యాలయాలను కోరింది. ఈ మాటను పట్టించుకుని విద్యార్థులకు చెప్పే కాలేజీ ఉంటే దానికి మెచ్చుకోలు దక్కాలి.

సెమిస్టర్ లెక్క

తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు 2016 నుంచి దోస్త్ అనే ఉమ్మడి విధానం ద్వారా ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. ఏడాది చివర ఒకే పరీక్ష ఉండే పాత పద్ధతి పోయి, క్రెడిట్ల లెక్కతో సెమిస్టర్ విధానం వచ్చింది కూడా 2016-17 నుంచే. ఇంటర్ దాకా ఏడాదికి ఒక్క పబ్లిక్ పరీక్షకు అలవాటుపడినవాళ్లకు ఈ వేగం అంతుపట్టదు. వార్షిక పద్ధతిలో దసరా దాకా తిరిగి, సంక్రాంతి తర్వాత కూర్చుని చదివినా నడిచేది. ఇప్పుడు దసరా సెలవులు అయ్యేసరికి సెమిస్టర్‌లో సగం పైన అయిపోతుంది.

ఆ సెలవుల తర్వాతి వారం గురించి పాత అధ్యాపకులెవరిని అడిగినా చెప్తారు. ఊరికి వెళ్లిన కొత్త విద్యార్థి సద్దుల బతుకమ్మ, దసరా, ఆ తర్వాత ఇంకో ఆదివారం అంటూ ఆలస్యంగా తిరిగొస్తాడు. కొందరు రారు. ఇంటి తిండి, ఇంటి మాట దొరికిన తర్వాత హాస్టల్ గది రెట్టింపు ఇరుకుగా కనిపిస్తుంది. తిరిగొచ్చేసరికి ఇంటర్నల్ పరీక్ష తేదీ బోర్డు మీద ఉంటుంది. మానేసే ఆలోచన చాలామందికి మొదట కలిగేది ఈ వారంలోనే.

మార్కుల పంపిణీ కూడా కొత్తవాళ్లను మోసం చేస్తుంది. ఉస్మానియా డిగ్రీలో చాలాకాలం ఒక పేపరుకు 80 మార్కులు చివరి పరీక్షకు, 20 ఇంటర్నల్స్‌కు ఉండేవి. 20 మార్కులే కదా అని వదిలేసినవాడు చివర్లో పాస్ మార్కు కోసం వెతుక్కోవాల్సి వస్తుంది. ఇంటర్నల్స్ తేలిక, వాటి తేదీలు ముందే తెలుస్తాయి, ప్రశ్నలు క్లాసులో చెప్పినవాటి నుంచే వస్తాయి. మొదటి ఇంటర్నల్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నవాడికి చివరి పరీక్ష భయం సగం తగ్గుతుంది. హాజరుదీ ఇదే కథ. సాధారణంగా 75 శాతం ఉండాలి. అంతకు కాస్త తగ్గితే మెడికల్ సర్టిఫికెట్, కండోనేషన్ ఫీజుతో బయటపడవచ్చు గానీ, మరీ తగ్గితే పరీక్షకే కూర్చోనివ్వరు. హాజరు స్కాలర్‌షిప్‌కు కూడా ముడిపడి ఉంటుందన్న సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది.

ఈ విధానంలో పెద్ద లోపం మరొకటి ఉంది. మొదటి సెమిస్టర్‌లో ఎన్ని పేపర్లు పోయినా సాధారణంగా రెండో సెమిస్టర్‌లోకి వెళ్లనిస్తారు. ఎన్ని క్రెడిట్లు రావాలన్న లెక్క ఏడాది చివర్లోనే తేలుతుంది. మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చేసరికి తరచుగా రెండోది మొదలై కొన్ని వారాలవుతుంది. దెబ్బ తగిలిన చాలా రోజులకు గానీ నొప్పి తెలియదు. ఇంజనీరింగ్‌లో మొదటి సెమిస్టర్ గణితం ఎంతమందికి బ్యాక్‌లాగ్‌గా మిగిలిపోతుందో సీనియర్లందరికీ తెలుసు. ఇంటర్‌లో గణితం కొట్టిన పిండి అనుకున్నవాళ్లకూ ఇది జరుగుతుంది. అక్కడ బిట్లకు జవాబు పెట్టడం నేర్పారు, ఇక్కడ మెట్టు మెట్టుగా రాసి చూపించాలి.

చదివే తీరు మీద జరిగిన పరిశోధనల్లో ఈ సందర్భానికి సూటిగా పనికొచ్చేది అమెరికాలో రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన అధ్యయనం. ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం, చదివినదాన్ని చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లే బాగా రాశారు. ముందురోజు రాత్రి పదిసార్లు తిరగేయడం ఎందుకు ధైర్యాన్నిస్తుందో, పరీక్ష హాల్లో ఆ ధైర్యం ఎందుకు జారిపోతుందో దీంతో అర్థమవుతుంది. పాత ప్రశ్నపత్రాలను సీనియర్ల దగ్గర జెరాక్స్ తీయించుకునే అలవాటు ప్రతి కాలేజీలోనూ ఉంది. వాటిలోంచి ఇంపార్టెంట్ ప్రశ్నలు ఏరి బట్టీ కొట్టడానికే వాడుతున్నారు. గడియారం పెట్టుకుని ఒక పత్రం పూర్తిగా రాసి చూసుకుంటే అదే జెరాక్స్ పదింతలు పనిచేస్తుంది.

పేపరు పోయినప్పుడు చేయాల్సినదాని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. రీవాల్యుయేషన్ గడువు, సప్లిమెంటరీ ఫీజు గడువు రెండూ కనుక్కుని, వీలైన మొదటిసారే రాసేయాలి. బ్యాక్‌లాగ్‌ను ఇంట్లో దాచిపెట్టేవాళ్లు పరీక్ష ఫీజు కోసం అప్పులు చేయడం, ఆ అప్పు కోసం మరో అబద్ధం చెప్పడం మామూలే.

తోడు దొరకడం, దొరకకపోవడం

కొత్త విద్యార్థి నిలబడతాడా, వెళ్లిపోతాడా అన్నది మార్కుల మీద ఎంత ఆధారపడుతుందో, కాలేజీలో తనకంటూ మనుషులున్నారా అన్నదాని మీదా అంతే ఆధారపడుతుందని అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త విన్సెంట్ టింటో 1975లో ప్రతిపాదించాడు. ఆయన లెక్క ప్రధానంగా హాస్టల్ ప్రాంగణాలకు సరిపోతుంది. నాంపల్లి, ఆబిడ్స్ కాలేజీల్లో పరిస్థితి వేరు. వీటిలో డే స్కాలర్లే ఎక్కువ. చివరి పీరియడ్ అవగానే ఒకరు ఉప్పల్ బస్సు, ఇంకొకరు పటాన్‌చెరు బస్సు, మరొకరు లోకల్ రైలు అందుకుంటారు. నాలుగున్నర తర్వాత ప్రాంగణంలో మిగిలేది వాచ్‌మన్ ఒక్కడే.

రవాణా మాత్రం కొన్నేళ్లుగా బాగుపడింది. 2003లో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు వచ్చాయి. 2018 సెప్టెంబర్‌లో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో మొదలయ్యాక లక్డీకాపూల్, అసెంబ్లీ, నాంపల్లి, గాంధీభవన్ స్టేషన్లు వరసగా అందుబాటులోకి వచ్చాయి. 2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకంతో ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు టికెట్ ఖర్చు లేకుండా పోయింది. నగరం అంచున, చుట్టుపక్కల మండలాల్లో ఉండే అమ్మాయిల చదువుకు ఇది చేసిన మేలు చిన్నది కాదు. అయితే రోజుకు మూడు గంటలు బస్సులో నిలబడి వచ్చిన పిల్ల ఇంటికెళ్లి వంటపనిలో చేయి వేయాలి, ఆ తర్వాత పుస్తకం తీయాలి. అబ్బాయిలకు లేని ఈ రెండో షిఫ్టును ఏ కాలేజీ టైమ్‌టేబులూ లెక్కలోకి తీసుకోదు.

హాస్టల్ సీటు కోసం పోరాటం ఎంత దూరం వెళ్తుందో నిజాం కాలేజీ చూపించింది. కొత్తగా కట్టిన బాలికల హాస్టల్‌ను పీజీ విద్యార్థినులకు కేటాయించడాన్ని నిరసిస్తూ 2022 నవంబర్‌లో డిగ్రీ అమ్మాయిలు రోజుల తరబడి ఆందోళన చేశారు. ప్రభుత్వం కలగజేసుకున్నాక హాస్టల్ డిగ్రీ వాళ్లకు దక్కింది. పీజీ విద్యార్థిని వయసులో పెద్దది, నగరం తెలిసినది. పద్దెనిమిదేళ్ల పిల్లకు మొదటి ఆరు నెలలు ప్రాంగణంలోనే గది దొరకడం ఎక్కువ అవసరం. అమ్మాయిలు అడిగింది న్యాయమే.

హాస్టల్ దొరకని జిల్లా విద్యార్థులు ప్రైవేట్ హాస్టళ్లలోనో, నలుగురైదుగురు కలిసి తీసుకున్న రూముల్లోనో ఉంటారు. ఒకే ఊరివాళ్లు, ఒకే ఇంటర్ కాలేజీ వాళ్లు కలిసి ఉండటం సహజం. అది మొదట్లో ప్రాణం నిలబెడుతుంది. కానీ గదిలో ఉన్న నలుగురూ ఒకే పేపరులో తడబడుతుంటే నలుగురూ కలిసి మునుగుతారు. క్లాసులో కొత్తవాళ్లు ఒకరిద్దరితోనైనా పరిచయం పెంచుకోవాలనేది అందుకే. ముందు బెంచీలో కూర్చునే అమ్మాయి, ల్యాబ్‌లో పక్కన నిలబడే కుర్రాడు, ఎన్ఎస్ఎస్ శిబిరంలో కలిసినవాళ్లు, ఎన్సీసీ, ఆటలు, గ్రంథాలయం: పరిచయాలు మొదలయ్యే చోట్లు ఇవే. సెమిస్టర్ సగం గడిచాక ఎవరి గుంపు వాళ్లకు ఏర్పడిపోతుంది, అప్పుడు చొరబడటం కష్టం.

యాస విషయం విడిగా చెప్పుకోవాలి. ఆదిలాబాద్ నుంచి వచ్చినవాడి మాటకు, పాతబస్తీ ఉర్దూ కలిసిన తెలుగుకు, సరిహద్దు జిల్లాల మాటకు క్లాసులో నవ్వులు వినిపిస్తుంటాయి. నవ్వినవాళ్లు మరునాటికి మర్చిపోతారు. నవ్వులపాలైనవాడు సెమిస్టరంతా నోరు విప్పడు, సందేహం అడగడు. అధ్యాపకుడు తానే ఒకటి రెండు మాటలు తన ఊరి యాసలో మాట్లాడితే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది.

తనొక్కడికే ఇలా ఉందన్న భావన ఎంత నష్టం చేస్తుందో వాల్టన్, కోహెన్ 2011లో సైన్స్ పత్రికలో ప్రచురించిన ప్రయోగం తేల్చింది. మొదటి ఏడాది విద్యార్థులకు సుమారు గంటసేపు, పై తరగతుల వాళ్ల అనుభవాలు చదివించారు. కొత్తలో అందరికీ ఇక్కడ తమకు చోటు లేదనిపిస్తుందని, అది కాలంతో పోతుందని వాటి సారాంశం. ఆ గంట ప్రభావం నల్లజాతి విద్యార్థుల మార్కుల మీద మూడేళ్ల పాటు కనిపించింది, తెల్లజాతి వాళ్లతో ఉన్న తేడా సగానికి తగ్గింది. ఫ్రెషర్స్ పార్టీకి పెట్టే ఖర్చులో పదోవంతుతో, గతేడాది తడబడి నిలదొక్కుకున్న ఇద్దరు సీనియర్లతో ఇక్కడి ఏ కాలేజీ అయినా ఈ పని చేయగలదు.

ర్యాగింగ్, వివక్ష

ర్యాగింగ్‌పై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. ఎగతాళి, అవమానం స్థాయి నుంచే జైలు శిక్ష వర్తిస్తుంది. 2009 మార్చిలో హిమాచల్‌ప్రదేశ్‌లో వైద్య విద్యార్థి అమన్ కచ్రూ మరణించాక యూజీసీ దేశవ్యాప్త నిబంధనలు తెచ్చింది, 1800-180-5522 హెల్ప్‌లైన్ పెట్టింది. చేరేటప్పుడు విద్యార్థి, తల్లిదండ్రులు ఇద్దరూ అఫిడవిట్ ఇవ్వాలి. మొరటు ర్యాగింగ్ వీటివల్ల తగ్గింది. వాట్సాప్ గ్రూపుల్లో ఆటపట్టించడం, అసైన్‌మెంట్లు రాయించుకోవడం, కులం ఆరా తీయడం మిగిలాయి.

ఆఖరిది అన్నిటికంటే లోతుగా తగులుతుంది. ఎయిమ్స్‌లో దళిత, గిరిజన విద్యార్థుల పట్ల వివక్షపై 2007లో థోరాట్ కమిటీ ఇచ్చిన నివేదిక హాస్టల్ గదుల నుంచి ఆటస్థలం దాకా వెలివేత ఎలా సాగుతుందో బయటపెట్టింది. 2012లో యూజీసీ సమానత్వ నిబంధనలు జారీ చేసింది. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణంతో ఈ చర్చ దేశమంతటా రగిలింది. తొలి సెమిస్టర్‌లో ర్యాంకు ఎంత, ఏ కేటగిరీ అన్న ప్రశ్న పేరు అడిగిన వెంటనే వస్తుంది. దానికి జవాబు చెప్పాల్సిన బాధ్యత ఎవరి మీదా లేదు. కొత్త విద్యార్థికి ఈ సంగతిని మొదటి రోజే అధ్యాపకులు బహిరంగంగా చెప్పాలి.

డబ్బు

కాలేజీ ఫీజును ప్రభుత్వమే చెల్లించే ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్లే తొలి తరం విద్యార్థులు లక్షల్లో కాలేజీ గడప తొక్కారు. ప్రభుత్వం నుంచి బకాయిలు ఆలస్యమైనప్పుడల్లా ఆ ఒత్తిడి విద్యార్థి మీదికే మళ్లుతుంది. ముందు మీరు కట్టండి, వచ్చాక ఇస్తాం అన్న మాట వినని ఇల్లు తక్కువ. మెస్ బిల్లు, రూమ్ అద్దె, జెరాక్స్ ఖర్చులు దీనికి అదనం. వారాంతాల్లో పెళ్లిళ్ల క్యాటరింగ్, సాయంత్రాలు డెలివరీ పని చేసే కుర్రాళ్లు ప్రతి క్లాసులోనూ ఉంటారు. జనవరి 1న నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఏటా జరిగే నుమాయిష్ ప్రదర్శన మొదలైతే స్టాళ్లలో రోజుకూలీకి కుదిరేవాళ్లూ ఉన్నారు. అది ఫిబ్రవరి నడిమి దాకా సాగుతుంది, ఆలస్యమైన సెమిస్టర్ పరీక్షలు కూడా ఆ రోజుల్లోనే పడుతుంటాయి. పని చేయడం తప్పేమీ కాదు. పరీక్షలకు మూడు వారాల ముందు ఆపేయగలిగే పనినే ఒప్పుకోవడం మేలు.

మనసు కుంగినప్పుడు

మొదటి కొన్ని వారాలు ఇంటి మీద బెంగ అందరికీ ఉంటుంది, మెల్లగా తగ్గుతుంది. తగ్గకుండా పెరుగుతుంటే చూసుకోవాలి. నిద్ర పట్టకపోవడం, రోజుల తరబడి గదిలోంచి బయటికి రాకపోవడం, మెస్‌కు వెళ్లడం మానేయడం, స్నానం చేయకపోవడం, ఇంటి నుంచి వచ్చే ఫోన్లు ఎత్తకపోవడం గుర్తులు. వీటిని మొదట గమనించేది రూమ్మేట్. చచ్చిపోతానన్న మాట ఎప్పుడొచ్చినా దాన్ని బెదిరింపుగానో నాటకంగానో కొట్టిపారేయకూడదు, ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు ఖర్చు కాదు, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు జారీ చేసింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఒకరైనా ఉండాలన్నది వాటిలో ముఖ్యమైనది. లెక్చరర్లలో ఒకరికే కౌన్సెలర్ అని బోర్డు తగిలించి చేతులు దులుపుకునే పద్ధతికి ఇకనైనా స్వస్తి పలకాలి. ఇంటర్నల్ మార్కులు వేసే మనిషి దగ్గర ఏ విద్యార్థీ మనసు విప్పడు.

తల్లిదండ్రుల పాత్ర కూడా ఈ మూడు నాలుగు నెలల్లోనే ఎక్కువ. రోజూ ఫోన్‌లో ఏం చదివావని అడిగే బదులు ఏం తిన్నావు, ఎవరితో కలిసి వెళ్లావు అని అడిగితే పిల్లలు ఎక్కువ చెప్తారు.

కాలేజీలు చేయవలసింది

కొత్త విద్యార్థికి కాలేజీని పరిచయం చేయడం కూడా ఒక పాఠమేనన్న ఆలోచన కొత్తది కాదు. విద్యార్థుల అల్లర్లు చూసిన దక్షిణ కరోలినా విశ్వవిద్యాలయం 1972లో మొదటి ఏడాది వాళ్ల కోసం ప్రత్యేక కోర్సు మొదలుపెట్టింది, అది అమెరికా అంతటా పాకింది. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ హైదరాబాద్ ట్రిపుల్ ఐటీది. 2005 నుంచి అక్కడ నడిచిన మానవ విలువల కోర్సు అనుభవాన్ని, మరి కొన్ని సంస్థల అనుభవాలనూ కలుపుకుని ఇంజనీరింగ్ కాలేజీలన్నిటికీ మూడు వారాల పరిచయ కార్యక్రమాన్ని సాంకేతిక విద్యామండలి ఏఐసీటీఈ రూపొందించింది. డిగ్రీ కాలేజీలకు 2019లో యూజీసీ దీక్షారంభ్ పేరుతో ఇలాంటిదే ఇచ్చింది. చాలాచోట్ల ఇది ప్రిన్సిపల్ ప్రసంగం, పూలదండలు, ఫోటోలతో ఒక పూటలో ముగుస్తుంది. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ మార్కుల కోసం నడిచే మెంటర్ పద్ధతి మరీ అన్యాయం. ఒక అధ్యాపకుడి పేరు మీద డజన్ల కొద్దీ పిల్లలుంటారు, సంతకాలన్నీ ఏడాది చివర ఒకే రోజు పడతాయి.

చేయదగిన పని దీనికంటే చిన్నది. మొదటి నెలలో వరసగా నాలుగు రోజులు రాని విద్యార్థికి మెంటరే ఫోన్ చేయాలి, జరిమానా గురించి మాట్లాడకుండా. మొదటి ఇంటర్నల్ పేపర్లు వారంలో దిద్ది చేతికివ్వాలి, రెండో ఇంటర్నల్ తర్వాత ఇస్తే వాటివల్ల ప్రయోజనం లేదు. దసరా సెలవుల తర్వాతి వారం ఎవరు రాలేదో క్లాసువారీగా చూసుకోవాలి. గ్రంథాలయాన్ని సాయంత్రం ఏడు దాకా తెరిచి ఉంచితే బస్సు రద్దీ తగ్గేదాకా చదువుకునేవాళ్లకు చోటు దొరుకుతుంది.

దోస్త్, ఇంజనీరింగ్ ప్రవేశాల ఎప్‌సెట్ చివరి విడతల్లో వచ్చేవాళ్లలో ఎక్కువమంది తక్కువ మార్కులవాళ్లు, ఆలస్యంగా డబ్బు సమకూర్చుకున్నవాళ్లు, దూరపు ఊళ్లవాళ్లు. క్లాసులో అందరికంటే సాయం ఎక్కువ కావలసినవాళ్లకు అందరికంటే తక్కువ రోజులు దక్కుతున్నాయి. వాళ్లు చేరిన వెంటనే, జరిగిపోయిన పాఠాలను సాయంత్రాలు విడిగా మళ్లీ చెప్పించే ఏర్పాటును విశ్వవిద్యాలయం తన అకడమిక్ క్యాలెండర్‌లోనే తేదీలతో సహా చేర్చాలి, కాలేజీల ఇష్టానికి వదలకూడదు.